చేపలు పోయినయా?

ఆమె విమానాన్ని బస్సు అనేది. "దుబాయ్ బస్సు పోయిందా?", "గీ ఢిల్లీ బస్సు ఇయ్యాల గూడ లేటేనా?" అని అడిగేది. మొదట్లో వెటకారం అనుకున్నాను. కాదు, ఆమె లెక్కలో నిజంగానే అది బస్సు. ఆమె ఊరు శంషాబాద్ నుంచి కొంచెం లోపలికి. "రోజు మా ఇంటి మీదికెల్లే పోతది గని ఎన్నడన్న ఆగిందా? ఆగనిదానికి గంత పెద్ద పేరెందుకు, బస్సంటే సాలు" అనేది.

పోయిన నెల ఆమె చనిపోయిందని కూతురు ఫోన్ చేసినప్పుడు నేను కౌంటర్ దగ్గర ఒకాయనకు పూతరేకులు కట్టిస్తున్నాను. "జాగ్రత్తమ్మా, విరిగిపోతాయి" అన్నాడాయన. విరగకుండానే కట్టిచ్చాను. తర్వాత షిఫ్టు అయ్యేదాకా అట్లాగే నిలబడి ఉన్నాను. ఏడవాలన్నా మనిషి కాసేపు కూర్చోవాలి కదా. మా కౌంటర్ వెనక కుర్చీ ఉండదు.

ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కబోయేవాళ్లు నడిచే దారిలో మాది మిఠాయిలు, పచ్చళ్లు అమ్మే దుకాణం. ఆ దారి తుడిచేది ఆమె. అంటే ఉద్యోగరీత్యా నేను నిలబడే మనిషిని, ఆమె నడిచే మనిషి. ఇద్దరం ఒకే స్టాఫ్ బస్సు ఎక్కేవాళ్లం. సాయంత్రం బస్సెక్కాక నేను చేసే మొదటి పని చెప్పులు విప్పి, కాళ్లు పైకి పెట్టుకుని, "అక్కా, సచ్చిపోతున్ననే, కాళ్లు గుంజుతున్నయి" అనడం. పక్క సీట్లో ఆమె బూట్లు విప్పేది కాదు. మేజోళ్లు అసలే విప్పేది కాదు. ఎండాకాలంలో కూడా. నా ఏడుపు విని, "నీకు కాళ్లు తప్ప ఇంకో ముచ్చట లేదా?" అని కిటికీలోకి చూసేది.

ఆమె నడక మాత్రం మా అందరికీ గుర్తు. పాదం ఎత్తి ధబ్బున వేసేది, నేల మీద కోపం ఉన్నట్టు. తల ఎప్పుడూ కిందికే. తుడిచి తుడిచి మనిషికి నేల చూపు అలవాటైందనుకునేవాళ్లం. ఇంటికి పోతూ కూడా, తుడవక్కర్లేని రోడ్డు మీద కూడా అట్లాగే చూసుకుంటూ నడిచేది. ఓసారి ఆదివారం చర్చి నుంచి ఒంటి చెప్పుతో మా ఇంటికొచ్చింది. రెండో చెప్పు ఎక్కడో జారిపోయింది, ఆమెకు తెలియలేదు. గడపలో నేను అడిగితే కిందికి చూసుకుని ఆమే మా అందరికంటే గట్టిగా నవ్వింది. "పాటలు పాడుకుంట వచ్చిన చెల్లె, ధ్యాస లేదు" అంది. మేమూ నవ్వాం. ఆదివారం డ్యూటీ పడితే రోజంతా మూతి ముడుచుకుని తిరిగే మనిషి, చర్చి అంటే అంత ధ్యాస. నమ్మకపోవడానికి ఏముంది?

మా కౌంటర్‌లో అందరికంటే చిన్న పిల్లకు పెళ్లి కుదిరింది. మిఠాయి పంచుతూ పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతూ వచ్చింది. ఆమె దగ్గరికి వచ్చి వంగేసరికి ఆమె పాము కనబడ్డట్టు వెనక్కి దూకింది. "మొక్కుడు పైనున్నాయనకే బిడ్డా. నా కాళ్లల్ల ఏమున్నది? ఫినాయిల్ వాసన" అని, పిల్ల తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఎవరినీ కాళ్లు ముట్టనిచ్చేది కాదు. అది ఆమె మతం పట్టింపు అని మేం ఊరుకునేవాళ్లం.

ఆ పెళ్లికూతురికి ఉన్న దిగులు పెళ్లికొడుకు గురించి కాదు, మడమల పగుళ్ల గురించి. "మెట్టెలు తొడిగేటప్పుడు ఆయన నా కాలు పట్టుకుంటడు కదక్కా. గీ పగుళ్లు సూస్తే ఏమనుకుంటడు?" అని ఒకటే గోల. ఫోన్‌లో వెతికి వెతికి హైవే పక్కన ఒక కాంప్లెక్స్‌లో చేపల పెడిక్యూర్ ఉందని కనిపెట్టింది. మందుల్లేవు, బ్లేడు లేదు, అంతా నేచురల్, చేపలే చచ్చిన చర్మం తినేస్తాయి, కాళ్లు వెన్నలా అవుతాయి అని మాకు చదివి వినిపించింది.

"మనం చేపల్ని తినాలె గని చేపలు మనల్ని తినుడేంది?" అంది ఆమె. అయినా వచ్చింది. పెళ్లికూతురు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ పిల్ల మాట ఆమె కాదనలేదు.

సెల్లార్‌లో గది. కిటికీలు లేవు. పొడుగాటి గాజు తొట్టి, దానికి అటూ ఇటూ కూర్చునే గట్టు, తొట్టి లోపల నీలం లైట్లు. చిటికెన వేలు కన్నా సన్నటి చేపలు అటూ ఇటూ పరుగులు పెడుతున్నాయి. అక్కడున్న అమ్మాయి మర్యాదగానే అడిగింది: "మీలో ఎవరికైనా షుగర్ గానీ, కాళ్లకు పుండ్లు గానీ ఉన్నాయా? ఉంటే పెట్టకూడదండీ."

"షుగరా? మా ఖాందాన్‌లనే లేదు" అంది ఆమె, అందరికంటే ముందు. తర్వాత గోడ వైపు తిరిగి మేజోళ్లు విప్పింది. ఆమె కాళ్లు నేను చూడటం అదే మొదలు. వానలు లేని ఏడాది చెరువు అడుగు ఎండినట్టున్నాయి మడమలు. వాటి ముందు పెళ్లికూతురి పగుళ్లు ఏ మూలకు?

కాళ్లు పెట్టగానే చేపలు మీద పడ్డాయి. ఇక చూడండి మా అరుపులు! పెళ్లికూతురు "అమ్మో అమ్మో" అని నా భుజం గిచ్చేసింది. నాకూ గిలిగింతలకు ఊపిరాడలేదు. రోజంతా నిలబడి కొయ్యబారిన కాళ్లకు ఎవరో జాలిపడి ముద్దులు పెడుతున్నట్టుంది. నా పక్కన ఆమె కూడా నవ్వుతోంది. "ఓయమ్మ, కొరుకుతున్నయ్ కొరుకుతున్నయ్" అంటోంది. తల మాత్రం ఎత్తడం లేదు, కళ్లు నీళ్ల మీదే.

అంతలో కరెంటు పోయింది. నీలం లైట్లు పోయి గదంతా చిమ్మచీకటి. "జనరేటర్ వేస్తారండీ, ఒక్క నిమిషం" అంది ఆ అమ్మాయి. చేపలకు కరెంటుతో పనేముంది, అవి కొరుకుతూనే ఉన్నాయి. చీకట్లో మా కేకలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆమె నవ్వు ఒక్కటే ఆగిపోయింది. కాసేపయ్యాక నా మోచేయి పట్టుకుని మెల్లగా అడిగింది:

"చేపలు పోయినయా?"

వేళాకోళం అనుకుని ఫోన్ టార్చ్ వేసి నీళ్లలోకి చూపించాను. మా కాళ్ల దగ్గర కంటే ఆమె కాళ్ల దగ్గరే ఎక్కువ ఉన్నాయి చేపలు. మడమ కనబడనంతగా ముసిరాయి. ఆమె వాటిని చూసింది. చూశాక, అప్పుడు, "అమ్మో" అని నవ్వింది.

నా గిలిగింతలు అక్కడికక్కడే ఆగిపోయాయి. ధబ్బుమనే ఆ నడక, నేల చూపు, ఒంటి చెప్పు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మా మేనమామకు ఇట్లాగే షుగర్‌తో కాళ్లు మొద్దుబారాయి. పొలంలో ఏదో గుచ్చుకుంటే తెలుసుకోలేదు, చివరికి మోకాలి కింద తీసేశారు. లైట్లు వచ్చాయి, పెళ్లికూతురు మళ్లీ కేకలు మొదలుపెట్టింది. నేను ఆమె కాళ్లు నీళ్లలోంచి తీయించి, నా చున్నీతో తుడిచాను.

మర్నాడు బస్సులో ఆమె చెవి దగ్గర అడిగాను. "ఎన్నేండ్ల సంది?"

"ఏంది ఎన్నేండ్ల సంది?"

"అక్కా."

కిటికీలోకే చూస్తూ చెప్పింది. "మా ఆయన పోయినకాడికెల్లి. గోలీలు ఏస్కుంటున్న. కాళ్లు గిట్ల అయినయని ఎవ్వరికి తెల్వదు. నువ్వు చెప్పినవనుకో, నన్ను ఇంట్ల కూసోమంటరు. గా తర్వాత కొత్తూరుల బిడ్డ ఇంటికి పోవాలె. బిడ్డ మంచిదే, అల్లుడు గూడ మంచోడే. గని నేను ఆడ ఏం చెయ్యాలె? టీవీ ముందర కూసోవాలె. కూసున్నోళ్లను ఎవ్వరు లేపరు చెల్లె."

ఆమెకు కావలసింది అదొక్కటే. తన కాళ్ల మీద తను నిలబడి ఉండటం, ఆ కాళ్లు తనకు తెలియకపోయినా సరే. నేను చెప్పనన్నాను, కానీ దవాఖానకు వస్తేనే అని మొండికేశాను. నా మొండితనం కూడా తక్కువది కాదు.

డాక్టరమ్మ ఆమెను కళ్లు మూసుకోమంది. సన్నటి దారం లాంటిదేదో తీసుకుని అరికాలి మీద ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, "ఆఁ... ఆఁ... ఆఁ..." అని లెక్కగా చెప్పుకుంటూ పోయింది. డాక్టరమ్మ చెయ్యి తీసేసి నా వైపు చూసింది. ఆమె ఇంకా "ఆఁ" అంటూనే ఉంది. పరీక్షలో పక్కవాడి పేపర్ కూడా దొరకని పిల్లలాగా. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

చేపల సంగతి చెప్పేసరికి డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ నీళ్లలో ఏ చిన్న పుండయినా అయి చెడితే ఏం చేసేదానివమ్మా?" అని, రోజూ రెండు అరికాళ్లూ వెలుగులో చూసుకోవాలంది, వంగలేకపోతే ఎవరిచేతనైనా చూపించుకోమంది. అరికాలు కనబడేంతగా ఆమె మోకాళ్లు వంగవు. ఇంట్లో ఇంకో మనిషి లేదు. అందుకని ఆ పని నా మీద పడింది.

షిఫ్టు అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో ఆమె బెంచీ మీద కూర్చునేది. అప్పటికి నా నడుము, మోకాళ్లు, పిక్కలు అన్నీ ఎవరికి వారే ఏడుస్తుండేవి. అయినా నేల మీద కూలబడి ఆమె మేజోళ్లు విప్పి, పాదం ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులు కూడా విడదీసి చూసేదాన్ని. విసుగు రాలేదంటే అబద్ధం. రోజూ వచ్చింది. ఇంట్లో బియ్యం కడగాల్సిన టైమ్‌లో ఇదేం సేవరా దేవుడా అని లోపల గొణుక్కునేదాన్ని.

ఒకరోజు మేం అట్లా ఉండగా తుడిచేవాళ్ల మీద ఉండే సూపర్‌వైజర్ మేడం అక్కడికి వచ్చేసింది. నేను ఆమె పాదాల దగ్గర, నా చేతిలో ఆమె కాలు. "ఏందమ్మా గిది?" అందావిడ. నేను కంగారుగా లేవబోయాను. ఆమె మాత్రం తడుముకోకుండా నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఆశీర్వాదం తీసుకుంటున్నది మేడం. ఇంట్ల జర పరేషాన్ ఉన్నదంట. సల్లగుండు బిడ్డా, సల్లగుండు" అంది. ఆవిడ మురిసిపోయింది. ఈ కాలంలో పెద్దలంటే ఇంత గౌరవం ఎవరికుంది అని బయట అందరికీ చెప్పింది కూడా.

ఇక అదే మా నాటకమైంది. నేను కాళ్లు చూడటం, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించడం. ఎవరూ లేకపోయినా దీవించేది. "పో, ఇయ్యాల నీకు బస్సుల కిటికీ సీటు దొరుకుతది." "నీ మిఠాయిలన్ని ఇయ్యాలనే అమ్ముడువోను." "మీ అత్తకు నోరు పడిపోను... గాదు గాదు, గంత వద్దు, గొంతు జర తగ్గను." నేను నవ్వు ఆపుకోలేక ఆమె కాలు పట్టుకునే నేల మీద దొర్లేదాన్ని. కాళ్లకు మొక్కితే దూకి పారిపోయే మనిషి! ఒకసారి అదే అడిగితే, "నీతోని మొక్కిపిచ్చుకుంటున్ననని పైనాయనకు రోజు మాఫీ చెప్పుకుంటున్న. ఆయనకు తెల్సులే, నువ్వు మొక్కుతలేవని" అంది.

పెళ్లికూతురి పెళ్లయింది. మెట్టెలు తొడిగేటప్పుడు పెళ్లికొడుకు ఆ పిల్ల మడమల వైపు చూడనే లేదు. వాడి కళ్లు ఫోటోగ్రాఫర్ మీద ఉన్నాయి.

చలికాలంలో ఒకరోజు ఎయిర్‌పోర్టు నిండా జనం. పొగమంచుకు విమానాలన్నీ ఆలస్యం, ఎక్కడి మనుషులు అక్కడే కూర్చున్నారు, తిన్నారు, పారేశారు. తుడిచి తుడిచి ఆమె మొహం పాలిపోయింది. నేనూ అదే స్థితి. బెంచీ మీద కూర్చుంటూ, "ఇయ్యాల వద్దులే చెల్లె, పానం లేదు నీకు" అంది. నిజంగానే నాకు ప్రాణం లేదు. కానీ అలవాటు చొప్పున మోకాళ్లు వంగిపోయాయి. బూటు లాగితే రాలేదు. గట్టిగా లాగితే వచ్చింది, మేజోడు మాత్రం అరికాలికి అంటుకుపోయి ఉంది. ఎర్రగా.

సూట్‌కేసు చక్రానికి ఉండే చిన్న స్క్రూ. బూటు అడుగు దాటి లోపలికి దిగింది. ఏ పొద్దున దిగిందో ఏమో. దాని మీదే నిలబడింది, దాని మీదే నడిచింది, హాలు మొత్తం తుడిచింది.

ఆమె ఆ బూటును చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, వేరేవాళ్ల వస్తువులాగా. "ఎవ్వరికి చెప్పకు. పసుపు పెట్టుకుంట, పొద్దుగాల వరకు మానుతది" అంది. నేను వినిపించుకోలేదు. ఆటో పిలిచి, ఆమె తిడుతుండగానే ఎక్కించి, దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా తిట్టింది. ఆటోవాడు నన్ను దొంగనుకుని ఉంటాడు.

కాలు దక్కింది. పుండు మానడానికి మాత్రం నెలలు పట్టింది. అన్నాళ్లూ కాలు కింద పెట్టొద్దన్నారు. కాలు కింద పెట్టకుండా నేల ఎవరు తుడుస్తారు? ఆమె స్థానంలో ఇంకో మనిషి వచ్చింది. కూతురు కారు మాట్లాడుకుని వచ్చి ఆమెను కొత్తూరు తీసుకుపోయింది.

ఫోన్ చేస్తే నాతో మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం ఎత్తింది. "కొండనాలికకు మందేస్తె ఉన్న నాలిక ఊడిందంట. గట్ల చేసినవ్ నువ్వు. నువ్వు చూడకపోతే నేను నడుస్తనే ఉంటుంటి" అని పెట్టేసింది. నాకు కోపం వచ్చింది. ఎన్ని సాయంత్రాలు ఆ కాళ్ల దగ్గర కూలబడ్డాను! కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏదని వెతికితే దొరకలేదు. చూడకపోతే ఇంకొన్ని రోజులు నడిచేది. ఆ తర్వాత కాలు పోయేది. ఆమెకు ఆ కొన్ని రోజులే కావాలి, నాకు ఆ కాలు కావాలి. మేం ఇద్దరం కోరుకున్నది ఒకటి కాదు.

ఈ ఎండాకాలంలో కూతురే ఫోన్ చేసి, "అమ్మ నిన్ను రమ్మంటున్నది" అంది. సెలవు రోజు కొత్తూరు బస్సెక్కాను. సీటు దొరకలేదు, నిలబడే పోయాను.

నిజంగానే టీవీ ముందు కూర్చుని ఉంది. సౌండ్ లేదు, బొమ్మ ఆడుతోంది. మనిషి సగమైంది. నన్ను చూసి, "అచ్చినవా" అంది, నిన్న సాయంత్రం విడిపోయినట్టు. నేను వెళ్లి అలవాటు చొప్పున ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మేజోడు మీద చెయ్యి వేశాను.

"వద్దు. బిడ్డ చూస్తది రోజు. నీయి చూపియ్యి."

"నాయి ఎందుకే?"

"చూపియ్యి."

సోఫా మీద పక్కన కూర్చుని కాలు ఆమె ఒళ్లో పెట్టాను. పెద్దామె ఒళ్లో కాళ్లు పెట్టడం నాకు ఇబ్బందిగానే ఉంది. ఆమె నా మడమను రెండు చేతులతో పట్టుకుంది. పగుళ్ల మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"అబ్బా!" అన్నాను.

"నొస్తున్నదా?"

"నొయ్యదా మరి? పొద్దటి నుంచి నిలబడే ఉన్న బస్సుల."

పక్కన ఇంకోచోట నొక్కింది. నేను మళ్లీ "అబ్బా" అన్నాను. ఆమె మొహంలో ఏదో ఆత్రం కనిపించింది. "ఎట్ల నొస్తున్నది?" అని అడిగింది.

"ఎట్లంటే?"

"ఎట్లంటే ఎట్లనే. జర చెప్పు. నేను మర్చిపోయిన."

ఆ బస్సులో రోజూ కాళ్లు కాళ్లని ఈమె చెవిలో ఎంత మొత్తుకున్నాను! ఇప్పుడు చెప్పమంటే మాట దొరకడం లేదు. తడుముకుంటూ మొదలుపెట్టాను. మడమలో మంటగా ఉంటదక్కా, కారం తగిలినట్టు. పగులు దగ్గర సూదిలాగా ఉంటది, అడుగు వేసినప్పుడే. పిక్కలో వేరేగా ఉంటది, ఎవరో లోపలి నుంచి తాడు గుంజినట్టు. సాయంత్రమైతే వేళ్లు బరువుగా అయితయి. రాత్రి పడుకున్నాక నొప్పి మెల్లగా దిగుతుంటది, అప్పుడు హాయిగా గూడ ఉంటది.

ఆమె నా కాలు వదలకుండా, కళ్లు మూసుకుని వింటోంది.

"హాయిగ ఉంటదా?"

"ఉంటదక్కా."

"ఆఁ. ఇంకో కాలు చెప్పు" అంది.